కొసరు

గుణుపురం దాటాక, వంశధార అవతలి ఒడ్డున సంత.
నా సంచిలో ఇత్తడి ప్రమాణాలు, ముద్ర కొట్టే ఉలి,
రసీదు పుస్తకం, కాగితంలో చల్లారిన వడ.
తూనికల శాఖలో ఇరవై రెండేళ్లు.
తక్కెడ ముల్లు చూసి చూసి
మనుషుల ముక్కులు కూడా ఓ పక్కకి మొగ్గినట్టే కనిపిస్తాయి.

పసుపుకొమ్ముల గుట్ట వెనక గురుబారి.
సవర గూడెం నుంచి చీకటుండగానే దిగింది.
ఆమె తక్కెడలో కిలో లేదు, రాయి ఉంది.
ఏటి రాయి. నల్లగా, ఎవరో ఏళ్లతరబడి నిమిరినంత నున్నగా.
"మా అమ్మ కిలో" అంది.

తూచాను. వెయ్యిన్నీ ఎనభై గ్రాములు.
వడ పక్కన పెట్టి మళ్లీ తూచాను.
తప్పుడు తూకమే,
కాని తప్పంతా తన గంపకే.

ఎదురుగా కామయ్య కొట్టు.
కరెంటు కాటా, కొత్త ముద్ర, గ్రాము తేడా లేదు.
చింతపండు మాత్రం కొన్న ధరకి మూడింతలు.
ధరని తూచే రాయి
మా శాఖ నాకు ఇవ్వలేదు.

బరంపురంలో పాణిగ్రాహి మాస్టారు
న్యాయాన్ని నాలుగు పాఠాలుగా చెప్పారు.
లెక్క వెయ్యి, అంటుంది ఒకటి.
నష్టం ఒకరికి, లాభం నలభై మందికి, రాయిని ఉండనీ.
వేశాను. సరిపోయింది.
సరిపోయినందుకే భయమేసింది.
కొండలు తవ్వినప్పుడూ ఊళ్లు ముంచినప్పుడూ
వేసింది ఈ ఎక్కమే కదా.

లెక్క కాదు, నియమం, అంటుంది ఇంకొకటి.
ఈ రాయిని వదిలితే
రేపు తొమ్మిదివందల గ్రాముల రాయినీ వదలాలి.
ముల్లుకి జాలి ఉండకూడదు.
నిజమే.
ఆ నియమం రాసిన గదిలో
సవర భాషలో ఎవరూ దగ్గనైనా దగ్గలేదు, అదీ నిజమే.

పుట్టకముందు ఒక తెర వెనక నిలబడు,
తక్కెడకి ఏ పక్క పుడతావో తెలియకుండా చట్టం రాయి, అన్నారు.
సంత మధ్యలో కళ్లు మూసుకున్నాను.
ఎండుచేపల వాసన, పసుపు వాసన.
తెర వెనక్కి కూడా వాసనొస్తుంది మాస్టారూ,
ఎవరు ఏ పక్కో చెప్పేస్తుంది.

ఏ పాఠమూ చదవని కామయ్య కొట్లోంచి అరిచాడు:
"దాని సరుకు, దాని ఇష్టం. మధ్యన నువ్వెవడివయ్యా?"

మంచివాడు ఏం చేస్తాడో అదే చెయ్యమంది
అన్నిటికన్నా పాత పాఠం.
చుట్టూ చూశాను.
ఆ పూటకి నేనే ఉన్నాను.

రాయిని జప్తు చేశాను. జరిమానా రాయలేదు.
నా డబ్బుతో కొన్న ముద్ర గుండు ఆమె చేతిలో పెట్టాను.
దయో, పాపపరిహారమో,
ఏ పద్దు కింద రాసుకోవాలో ఇప్పటికీ తెలీదు.

పైవారం గోల.
"ఏటే గురుబారీ, నువ్వూ మోసం నేర్సీసినావేటే?
మీ యమ్మ ఉన్నప్పుడు ఇలగుండీదా?"
ఎనభై గ్రాములు పోయాయని
చేతులకి ముందే తెలిసిపోయింది.

ఆమె గొడవ పడలేదు.
గుండు వేసి ముల్లు నిలబెట్టింది,
ఆపైన గుట్టలోంచి ఒక కొమ్ము తీసి వేసింది.
చంటిదాన్ని చంకనెత్తుకున్నామెకి మూడు కొమ్ములు.
కళ్లు కనపడని ముసలాయనకి రెండు,
ఆగి, ఇంకొకటి.
హోటలు కుర్రాడికి ఒకటి, వాడి యజమానికి లేదు.
కామయ్య గుమాస్తాకి ముల్లు దగ్గరే ఆగిపోయింది చెయ్యి.
రాయి ఉన్నన్నాళ్లూ అందరికీ ఒకే కొసరు.
ఇప్పుడు ఒక్కొక్కరి మొహం చూసి తూస్తోంది.
ఏ పాఠం అది? అడుగుదామని వరసలో నిలబడ్డాను.

నా వంతు వచ్చింది.
ఒక కిలో. ముల్లు నిటారుగా నిలిచింది.
ఆమె చెయ్యి గుట్ట మీదికి వెళ్లి, ఖాళీగా వచ్చింది.
"సరిగ్గా ఉంది కదా, బాబూ?"

ఉంది.
గ్రాము తేడా లేదు.